దొరగారు తల అడ్డంగా ఊపారు

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం.

వదినా,

ముందు కూర్చో. అన్నయ్యని కూడా కూర్చోబెట్టు. ఈ ఉత్తరం కన్నా ముందే మా సర్కస్ కంపెనీ వ్యాను మీ గేటు ముందు ఆగి ఉంటే, నువ్వు ఇప్పటికే నన్ను తిట్టడం మొదలుపెట్టి ఉంటావు. అది పూర్తయ్యాకే మిగతాది చదువు.

నా కాలు విరిగింది. తొడ దాకా కట్టు. అన్నయ్య అడిగితే స్టేజీ కూలిందని చెప్పు. నీకు మాత్రం నిజం చెప్తాను. మా పిడుగుకి స్టూలెక్కి నిలబడటం నేర్పుతున్నాను. ఎంత బతిమాలినా ఎక్కదే! "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా, ఇలా చూడు" అని నేనెక్కి చూపించాను. జారి పడ్డాను. నేను కింద పడి లబోదిబోమంటుంటే పిడుగు తాపీగా వచ్చి, స్టూలు వాసన చూసి, ఎక్కి నిలబడింది. చప్పట్ల కోసం చుట్టూ చూసింది కూడా.

నా రెండు ప్రాణాలనీ నీ దగ్గరికి పంపాను. పొట్టి గుర్రాలు వదినా, నీ నడుము దాకా కూడా రావు. పిల్లలేమో అనుకునేవు, వయసొచ్చినవే. జాతే అంత. బూడిదరంగుది దొరగారు. ముందుకాలు మడిచి వంగి దణ్ణం పెడతారు. అడిగినదానికి ఔనని నిలువుగానో, కాదని అడ్డంగానో తల ఊపుతారు. ఆయన్ని 'నువ్వు' అంటే పలకరు. ఎర్రది పిడుగు, ఆడది. పై పెదవి ఎత్తి నవ్వుతుంది, బంతి దొర్లిస్తుంది, ఇప్పుడు స్టూలు కూడా ఎక్కుతుంది, నా పుణ్యమా అని.

రోజూ సాధన చేయించకపోతే అన్నీ మర్చిపోతాయి. వానలు తగ్గి మా ఆటలు మొదలయ్యేసరికి నేను లేచి నడుస్తాను. అంతవరకూ నువ్వే దిక్కు. డ్రైవింగు స్కూలు నడిపేదానివి, ఎడమేదో కుడేదో తెలియనివాళ్ళ చేత బండి నడిపించినదానివి, నా గుర్రాలు నీకొక లెక్కా?

నీ మరదలు


డ్రైవింగు స్కూలు, వెనక వాటా.

మరదలా,

తిట్టడం అయిపోయిందని నీకెవరు చెప్పారు? కాగితం చాలక ఆపాను.

నీ వ్యాను వచ్చిన వేళకి మా ఆవరణలో ఒక బ్యాంకు గుమాస్తా రివర్సు నేర్చుకుంటున్నాడు. అద్దం చూసుకుంటూ వెనక్కి రమ్మన్నాను. "మేడం, అద్దంలో గుర్రం కనిపిస్తోంది" అన్నాడు. "అద్దంలో ఏదైనా ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది, కంగారుపడకండి" అన్నాను. "దూరంగా కాదు మేడం, పొట్టిగా కనిపిస్తోంది" అన్నాడు. కంగారులో గేరు మార్చబోయి నా పూలకుండీల మీదుగా పోయాడు. ఆ పూలని నీ పిడుగు శుభ్రం చేసింది. తిని.

మీ అన్నయ్య సంగతి నీకు తెలిసిందేగా. పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారి ఇచ్చే మనిషి. వ్యాను తలుపు తెరవగానే తన పళ్ళ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఊళ్ళో బోసినోళ్ళందరికీ పళ్ళ సెట్లు చేసిస్తారు గానీ తన నోరు మాత్రం విప్పరు. తలుపు కింద నుంచి చీటీ తోశారు: "ఎన్నాళ్ళు?"

ఏం చెప్పమంటావు? కారు షెడ్డు ఖాళీ చేసి గడ్డి పరిచాను. తిండి పెడతాను, నీళ్ళు పెడతాను. పాఠాలు మాత్రం నా వల్ల కాదు. క్లచ్ కీ బ్రేకుకీ తేడా తెలియని రెండుకాళ్ళవాళ్ళతోనే నా గొంతు పోతోంది, మళ్ళీ నాలుగుకాళ్ళవాళ్ళా?

కాలు జాగ్రత్త. స్టూళ్ళెక్కకు.

నీ వదిన


ఆసుపత్రి, అదే మంచం.

మా బంగారు వదినా,

షెడ్డు ఖాళీ చేశావంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం నేను నేర్పుతాను.

కొట్టకూడదు, అరవకూడదు. కారెట్లు చిన్న ముక్కలు కోసి జేబులో వేసుకో. అది సరిగ్గా చేసిన ఆ క్షణంలో నాలుకతో 'టక్' మను, వెంటనే ముక్క పెట్టు. టక్ మంటే 'శభాష్' అని దానికి అర్థం. ఆలస్యంగా టక్ మంటే ఆ తర్వాత చేసిన వెధవపనికి శభాష్ అన్నట్టవుతుంది. ముఖ్యమైన మాట: ఎక్కువ మాట్లాడకూడదు వదినా. నీకు కష్టమే, తెలుసు. ప్రయత్నించు.

నా కాలు బ్రహ్మాండంగా ఉంది. డాక్టరు వచ్చినప్పుడల్లా పెదవి విరిచి ఏదో అంటాడు. పక్క మంచం ముసలావిడ గురకలో నాకు సరిగ్గా వినబడదు.

కంపెనీ పెద్దాయన గుర్రాల గురించి అడుగుతున్నారు. అన్నీ బాగున్నాయని రాశాను. బాగున్నాయి కదా?

నీ మరదలు


డ్రైవింగు స్కూలు, వెనక వాటా.

మరదలా,

మాట్లాడకుండా నేర్పడమంటే పెట్రోలు లేకుండా బండి నడపడమే. అయినా ప్రయత్నించాను. అబద్ధమెందుకు, ఒక పూట ప్రయత్నించాను.

కారు గోడకి గుద్దబోతుంటే "బ్రేక్!" అని అరిచాను. గుమాస్తా ఆగలేదు. దొరగారు ఆగిపోయారు. ఆ అరుపుకి భయపడి అనుకుంటా, గుమాస్తా చేతిలో బిస్కట్టు పొట్లం కారు కిటికీలోంచి కింద పడింది. దొరగారు తిన్నారు. దాంతో ఆయనకి నా అరుపే 'టక్' అయి కూర్చుంది. ఇప్పుడు నేను బ్రేక్ అంటే చాలు, ఎక్కడున్నవారు అక్కడ ఆగి బిస్కట్టు కోసం చూస్తారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. గుమాస్తా కారు దిగి "ఎలా నడిపాను మేడం?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే దొరగారు తల అడ్డంగా ఊపారు. ఆ గాంభీర్యం చూడాలి నువ్వు, ఉరిశిక్ష వేసే జడ్జీకి కూడా ఉండదు. మర్నాడు గుమాస్తా పంతం పట్టి తెల్లారే వచ్చి, ఆయన ముందే బండి తెచ్చి ఆపాడు. మళ్ళీ అడ్డంగానే. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళందరిదీ ఒకటే పట్టుదల, దొరగారి చేత ఔననిపించుకోవాలని. ఎవరివల్లా కాలేదు. నిలువుగా ఊపే మీట ఎక్కడో విరిగినట్టుంది, ఎలా బాగుచెయ్యాలో రాయి.

ఇక పిడుగు. రిటైరైన హెడ్‌మాస్టారుగారి పై పళ్ళ వరస తయారుచేసి మీ అన్నయ్య కిటికీలో ఆరబెట్టారు. పిడుగు మెడ చాచి అందుకుంది. ఆవరణ మధ్యకి వచ్చి పెదవి ఎత్తి నవ్వింది. హెడ్‌మాస్టారి పళ్ళతో! కారులో నేర్చుకుంటున్న నర్సమ్మ స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకుంది.

అప్పుడు పళ్ళ గది తలుపు తెరుచుకుంది. మీ అన్నయ్య ఒక చెప్పుతో పరిగెత్తుకొచ్చారు. అది ముందు, ఆయన వెనక, వంపులు నేర్పడానికి నేను పెట్టిన కోన్ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఆ వంపులు అంత చక్కగా తిరగలేదు. చివరికి ఆయన ఆయాసపడి నేల మీద కూలబడ్డారు. అది వచ్చి పళ్ళు ఆయన ఒళ్ళో వేసింది. మరదలా, ఆయన నవ్వారు. పెళ్ళి ఫోటోలో కూడా నవ్వని మనిషి, పొట్ట పట్టుకుని నవ్వారు.

పళ్ళు మరిగించి, మళ్ళీ సాన పట్టి ఇచ్చాం. "ఈసారి భలే కుదిరాయండీ" అని మెచ్చుకుని వెళ్ళారు హెడ్‌మాస్టారు.

ఈమధ్య పళ్ళ గది తలుపు ఓరగా తీసి ఉంటోంది. నా వంటింట్లో కారెట్లు మాయమవుతున్నాయి.

నీ వదిన


ఆసుపత్రి.

వదినా,

నీ ఉత్తరం వార్డంతా చదివి వినిపించాను. పక్క మంచం ముసలావిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటే నర్సు నన్ను కోప్పడింది.

ఒక చిన్న మాట. మా కంపెనీలో కుక్కల మాస్టారని ఒకాయన ఉన్నారు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. అటువైపు పనుందట, వస్తే వస్తారు. గుర్రాలని ఒకసారి చూపించు. ఎందుకని మాత్రం అడక్కు. ఊరికే.

కట్టు విప్పారు. బాగానే ఉంది.

నీ మరదలు


డ్రైవింగు స్కూలు.

గౌరవనీయులైన ఆడపడుచుగారికి నమస్కారములు.

తమరి లేఖ మధ్యాహ్నం అందినది. తమరు పంపిన పెద్దమనిషి ఉదయమే విచ్చేసినారు.

గేటు దగ్గర నిలబడి "అమ్మా, నేను..." అన్నారు. నా దగ్గరికి అలా నసుగుతూ వచ్చేవాళ్ళంతా బండి నేర్చుకోవడానికే వస్తారు. "తెలుసండీ, భయపడకండి, ఎక్కండి" అన్నాను. "అది కాదమ్మా, గుర్రాలు..." అన్నారు. "అవి మిమ్మల్నేమీ చెయ్యవు. సీటు ముందుకి జరుపుకోండి" అన్నాను. "అమ్మా, నన్ను ఒక్క మాట..." "మాటలు తర్వాత. ఎడంకాలు క్లచ్ మీద."

పాపం, ఎవరు ఏం చెప్పినా కాదనలేని మనిషిలా ఉన్నారు. ఆవరణంతా తిరిగారు. గడ్డివాము దాకా బాగానే నడిపారు, తర్వాత గడ్డివాములో నడిపారు. తలనిండా గడ్డితో దిగితే దొరగారు వచ్చి, ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపారు.

అప్పుడు చెప్పారు. "అమ్మా, నేను కుక్కల మాస్టార్ని. మీ ఆడపడుచు ఈ గుర్రాలని నాకిచ్చేస్తానంది. ఒకసారి చూసిపోదామని వచ్చాను." నేను కుర్చీలో కూలబడ్డాను. ఆయన గడ్డి దులుపుకుంటూ "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు. "గుర్రాలు తీసుకెళ్ళడానికా?" అన్నాను. "కాదమ్మా, ఆ క్లచ్ సంగతి ఇంకా అర్థం కాలేదు" అన్నారు.

తమరి గుర్రాలు, తమరి ఇష్టం. ఎవరికిచ్చుకుంటే మాకేం? మేము తిండిపెట్టే వాళ్ళమే కదా. పూలకుండీలు పోయినవాళ్ళమే కదా.

ఏమే, నీకసలు బుద్ధుందా? నేనిక్కడ ఎండనకా వాననకా నాలుకతో టక్కు టక్కుమంటూ, చూసినవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుంటుంటే, నువ్వు చాటున వాటిని ఇంకొకరికి ఇచ్చేస్తావా? మాకొక్క మాట చెప్పాలనిపించలేదా? కోపం కాదు. కోపమే. మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఇట్లు,
డ్రైవింగు స్కూలు యజమానురాలు


ఆసుపత్రి, వరండా బల్ల.

వదినా,

తిట్టు. ఈసారి మధ్యలో నవ్వించను.

ఎముక అతుక్కుంది. నడుస్తాను, కర్ర పట్టుకుని. పరిగెత్తడం మాత్రం ఇక కుదరదన్నాడు డాక్టరు. ఆయన మొదట్నుంచీ అదే అంటున్నాడు, నేనే గురక మీదికి తోసేశాను. రింగులో గుర్రాల పక్కన పరిగెత్తాలి వదినా. అవి పొట్టివే గానీ రింగు పొట్టిది కాదు. పెద్దాయన చూసి చూసి నా ఆట సమయం కుక్కలకిచ్చేశారు. ఆట లేని గుర్రాలని ఏం చేసుకోను? కుక్కల మాస్టారు మంచివాడు, వాటిని ముద్దుగా చూసుకుంటాడు. అందుకని సరేనన్నాను.

నీకు చెప్తే "మా ఇంటికొచ్చెయ్" అంటావు. అన్నయ్య ఏమీ అనడు, నా కోసం ఇంకో కంచం పెడతాడంతే. నాకు అది ఇంకా కష్టం. చిన్నప్పట్నుంచీ గుర్రాలతోనే బతికినదాన్ని, మీ ఇంట్లో ఏ మూల కూర్చుని ఏం చెయ్యను?

కుండీలు కొనిపెడతాను.

మరదలు


పళ్ళ గది.

చెల్లాయ్,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. దవడ కొలతలు రాయడం వచ్చు. తప్పులుంటే సర్దుకో.

నీ గుర్రాలంటే నాకు భయం. ఇప్పటికీ భయమే. పిడుగు పళ్ళు తెచ్చిచ్చిన రోజు నుంచి ఆ రెండూ కిటికీ దగ్గరికి వస్తున్నాయి. పొమ్మనడానికి కూడా భయమేసి కారెట్టు ఇచ్చాను. మళ్ళీ వచ్చాయి. ఎలాగూ వస్తున్నాయి కదా అని నీ ఉత్తరంలో ఉన్నట్టు నేర్పడం మొదలుపెట్టాను.

లేచి నిలబడితే కాళ్ళు వణుకుతాయి. అందుకని నా బల్ల వెనక కూర్చునే నేర్పాను. నాలుకతో శబ్దం నాకు సరిగ్గా రాలేదు, మైనం చెక్కే కత్తితో బల్ల మీద కొట్టాను. ఒక దెబ్బకి దొరగారు వంగుతారు. రెండు దెబ్బలకి పిడుగు స్టూలెక్కుతుంది. కత్తి గుండ్రంగా తిప్పితే రెండూ ఆవరణ చుట్టూ పరిగెత్తి వచ్చి ఎదురెదురుగా నిలబడతాయి. వాటి వెంట నేను పరిగెత్తలేదు. పరిగెత్తాలని వాటికి చెప్పాను. కత్తి పైకెత్తితే పిడుగు నోరు బాగా తెరిచి అలాగే ఉంచుతుంది. అది నేను నేర్పలేదు, పళ్ళ కొలతలకి వచ్చేవాళ్ళని చూసి నేర్చుకుంది.

నువ్వు పరిగెత్తలేకపోతే కూర్చో. మనం నించున్నామా కూర్చున్నామా అని వాటికేం పట్టదు, చూపంతా కారెట్టు మీదే.

దొరగారి చేత ఔననిపించడం మాత్రం నా వల్ల కాలేదు.

కుక్కల మాస్టారితో నిన్న మాట్లాడాను. నేనే మొదలుపెట్టాను. తన సమయంలో సగం నీకిస్తానన్నాడు. రోజూ తను బండి నడిపే తీరు చూసి నిజం మొహాన చెప్పే జంతువుని తను తీసుకోలేడట, రాత్రులు నిద్రపట్టదట.

ఇదంతా మీ వదినకి తెలియదనుకుంటున్నాను. తెలుసనుకో.

అన్నయ్య


గుడారాల వెనక, సామాన్ల బండి మెట్లు.

వదినా,

నీ శిష్యులకి లైసెన్సు పరీక్ష కూడా మా మొదటి ఆట రోజే రావాలా? నువ్వు రాకపోయినందుకు పిడుగు అలిగింది. నేనూ అలిగాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అన్నయ్య నీకేమీ చెప్పడు.

రింగు మధ్యలో పెద్ద కుర్చీ వేసి నన్ను మహారాణిలా కూర్చోబెట్టారు. చేతిలో కర్ర. కర్ర తిప్పాను. నా రెండు ప్రాణాలూ పరిగెత్తాయి. నేను కదల్లేదు. పక్కన లేకుండా వాటి పరుగు నేనెప్పుడూ చూడలేదు వదినా. ఇంత అందంగా ఉంటాయని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నా ఆయాసమే నాకు వినబడేది.

తర్వాత దొరగారి వంతు. ఎలాగూ అడ్డంగానే ఊపుతారు కాబట్టి దానికి తగ్గ ప్రశ్నలే వేశాను. "దొరగారూ, నా ఆట బాగుందా?" అడ్డంగా. "పోనీ, కుక్కల ఆట?" అడ్డంగా. "మా జీతాలు పెరుగుతాయా?" ఇంకా గట్టిగా అడ్డంగా. గుడారం దద్దరిల్లింది. పెద్దాయన మొహం మాడుతుంటే, "మా పెద్దాయనని మించిన యజమాని ఎక్కడైనా ఉన్నాడా?" అన్నాను. అడ్డంగా. పెద్దాయన లేచి దణ్ణం పెట్టారు.

ఇక పిడుగు. స్టూలెక్కమని రెండుసార్లు కొట్టాను. ఎక్కలేదు. జనంలోకి చూస్తోంది. ఒక్క గెంతు గెంతి రింగు దాటి, వరసల మధ్య నుంచి పోయి, మూడో వరసలో ఒక మనిషి ముందు ఆగింది. ఆ మనిషి కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది ఆ కాగితం తినేసింది.

దీపం వెలుగంతా అన్నయ్య మీద పడింది. జనమంతా తలలు తిప్పారు. పారిపోతాడనే అనుకున్నాను. లేచాడు. ముందు వరస కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పిడుగు మెడ మీద చెయ్యి వేసి, మెల్లగా నడిపించుకుంటూ రింగులోకి వచ్చాడు. అది స్టూలెక్కింది. అన్నయ్య వేలు పైకెత్తాడు. అది నోరు తెరిచింది. అన్నయ్య వంగి, తన గదిలో చేసినట్టే, దాని పళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూసి, జనం వైపు తిరిగి, "ఏమీ భయం లేదు, అన్నీ సొంత పళ్ళే" అన్నాడు.

వదినా, నవ్వలేక చచ్చారు జనం. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు. పెద్దాయన నా చెవిలో "ఆ పళ్ళ డాక్టరు వేషగాణ్ణి ఎక్కడ పట్టావు? రోజూ కావాలి" అన్నారు. "మా అన్నయ్యండీ, రోజూ రాడు" అన్నాను. అన్నయ్యని అడిగితే "నాకు పనుంది" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఏమన్నాడో రాయి.

నీ మరదలు


డ్రైవింగు స్కూలు, వెనక వాటా.

మరదలా,

ఏమన్నారా? "ఎలా జరిగిందండీ?" అంటే "బాగానే" అన్నారు. చెయ్యి కడుక్కుని పళ్ళ గదిలోకి వెళ్ళిపోయారు. నీ ఉత్తరం రాకపోతే ఈ జన్మకి నాకు తెలిసేది కాదు. చదివి నేను వంటింట్లో నవ్వుతూ ఏడ్చాను. ఎందుకని అడిగితే ఉల్లిపాయలన్నాను. ఆయనకి ఒక్కరికే వచ్చా దాచడం?

పరీక్షలో గుమాస్తా గట్టెక్కాడు. కుక్కల మాస్టారు ఆట ఉందని అందరికన్నా ముందే పరీక్షకి కూర్చుని తప్పారు. పరీక్ష పెట్టిన ఆయన తల అడ్డంగా ఊపితే, "దొరగారు ఇంతకన్నా మర్యాదగా ఊపేవారు" అని బాధపడుతున్నారు.

షెడ్డు ఊడ్చేశాను. కారు మళ్ళీ లోపల పెట్టాను. మొన్నటికి మొన్న ఎవరో గోడ గుద్దబోతుంటే బ్రేక్ అని అరిచి, అలవాటుగా బిస్కట్టు తీశాను. తినేవాళ్ళెవరూ లేక నేనే తిన్నాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. నిన్న దర్జీ ఇంటికొచ్చి మీ అన్నయ్య కొలతలు తీసుకున్నాడు. "ఏమిటండీ?" అంటే, "పాత కోటు బిగుతైంది" అన్నారు. ఆయనకి పాత కోటు ఎప్పుడుందని? దర్జీ వెళ్ళేటప్పుడు గేటు దగ్గర పట్టుకున్నాను. ఎర్ర వెల్వెట్టు కోటట. బంగారు గుండీలట. భుజాల మీద కుచ్చులట. పళ్ళు చేసేవాళ్ళెవరైనా అలాంటి కోటు వేసుకుని మైనం చెక్కుతారా? మంచి పనితనంతో కుట్టమని మాత్రం చెప్పాను.

దర్జీ నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. తల గోక్కుంటూ, "అమ్మగారూ, అయ్యగారు అదే గుడ్డలో ఇంకో చిన్న కోటు కూడా కుట్టమన్నారు. కొలతలు కూడా కాగితం మీద రాసిచ్చారు. అంతా బాగానే ఉంది గానీ, ఆ కోటుకి నాలుగు చేతులెందుకండీ?" అన్నాడు.

నీ వదిన